కాలేజీ విద్యార్థులకు ఆరోగ్య, కౌన్సెలింగ్ సేవలు: కంభం లాంటి ఊళ్లో సాయం ఎక్కడ దొరుకుతుంది? ముందు ఎవరికి ఫోన్ చేయాలి?

కంభం: కాలేజీకి వెళ్లే పిల్లలకు జ్వరం వస్తే ఏం చేయాలో ఇంట్లో అందరికీ తెలుసు. మరి వారాల తరబడి నిద్ర పట్టకపోతే..? పుస్తకం తెరవగానే గుండె దడ మొదలైతే..? హాస్టల్ నుంచి ఫోన్ చేసి "నాకు ఇక్కడ ఉండబుద్ధి కావట్లేదమ్మా" అంటే..? అప్పుడు ఎక్కడికి వెళ్లాలో చాలా ఇళ్లలో తెలియదు. కంభం, బేస్తవారిపేట, అర్ధవీడు, కొమరోలు, రాచర్ల, గిద్దలూరు, మార్కాపురం.. పశ్చిమ ప్రకాశం అంతటా ఇదే పరిస్థితి.

నిజానికి ఇప్పుడు ఈ విషయంలో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. 100 మంది, అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాల్సిందే. ఆ తీర్పు పుట్టింది మన రాష్ట్రంలో జరిగిన ఘటన నుంచే. కాలేజీలో ఏం ఉండాలి, ఫోన్‌లో ఏ సాయం దొరుకుతుంది, ఏ ఆస్పత్రికి వెళ్లాలి.. పూర్తి వివరాలు చూద్దాం.

కౌన్సెలింగ్ అంటే సీట్ల కౌన్సెలింగ్ కాదు

మన దగ్గర కౌన్సెలింగ్ అనగానే ముందు గుర్తొచ్చేది ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు. లేదంటే పోలీస్ స్టేషన్‌లో రౌడీషీటర్లను కూర్చోబెట్టి ఇచ్చే వార్నింగ్. అందుకే "మీ అబ్బాయికి కౌన్సెలింగ్ ఇప్పించండి" అని లెక్చరర్ చెబితే, తప్పేం చేశాడోనని తల్లిదండ్రులు కంగారు పడిపోతారు.

ఇక్కడ కౌన్సెలింగ్ అంటే వేరు. శిక్షణ పొందిన మనిషి విద్యార్థి చెప్పేది ఓపిగ్గా వింటారు. సమస్య ఎక్కడుందో తేల్చుకోవడానికి సాయం చేస్తారు. మందులు అవసరం అనిపిస్తే డాక్టర్ దగ్గరకు పంపిస్తారు. కౌన్సెలర్, సైకాలజిస్ట్ మందులు రాయరు. మందులు రాసేది సైకియాట్రిస్ట్, అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్. ఈ తేడా తెలిస్తే సగం భయం పోతుంది. ఎందుకంటే కౌన్సెలర్‌ను కలిసిన వాళ్లందరికీ మందులు అవసరం రాదు.

విశాఖ ఘటన.. సుప్రీంకోర్టు తీర్పు

2023 జులైలో విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ హాస్టల్‌లో ఉన్న 17 ఏళ్ల విద్యార్థిని చనిపోయింది. ఆమె కుటుంబం పశ్చిమ బెంగాల్‌కు చెందినది. దర్యాప్తు సీబీఐకి ఇవ్వాలని తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం 2025 జులై 25న కేసును సీబీఐకి అప్పగించింది. అంతటితో ఆగలేదు. దేశంలోని స్కూళ్లు, కాలేజీలు, యూనివర్సిటీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు అన్నింటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రభుత్వం చట్టం తెచ్చే వరకు ఇవే చట్టంతో సమానంగా అమలవుతాయి.

కోర్టు ఇంత దూరం వెళ్లడానికి కారణం ఉంది. జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్క ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. 2001లో ఈ సంఖ్య 5,425. అంటే రెట్టింపు కంటే ఎక్కువ.

మీ కాలేజీలో ఏమేం ఉండాలి?

ఆ తీర్పు ప్రకారం విద్యార్థులు, తల్లిదండ్రులు అడగదగ్గవి ఇవీ..

* 100 మంది, ఆపైన విద్యార్థులుంటే కనీసం ఒక కౌన్సెలర్ గానీ, సైకాలజిస్ట్ గానీ, సోషల్ వర్కర్ గానీ ఉండాలి. పిల్లల మానసిక ఆరోగ్యంపై శిక్షణ పొందినవాళ్లే అయి ఉండాలి.
* అంతకంటే తక్కువ మంది ఉంటే, బయటి నిపుణులతో ముందే ఒప్పందం చేసుకుని, అవసరమైన వెంటనే పంపించే ఏర్పాటు ఉండాలి.
* టెలీ మానస్ నంబర్ 14416తో పాటు ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ల నంబర్లు క్లాసుల్లో, హాస్టల్లో, వెబ్‌సైట్‌లో పెద్ద అక్షరాలతో కనిపించాలి.
* మార్కులను బట్టి సెక్షన్లుగా విడదీయడం, అందరి ముందు నిలబెట్టి అవమానించడం, మోయలేని టార్గెట్లు పెట్టడం చేయకూడదు.
* లెక్చరర్లకే కాదు, వార్డెన్, ఆఫీస్ సిబ్బందికి కూడా ఏడాదికి కనీసం రెండుసార్లు నిపుణులతో శిక్షణ ఇప్పించాలి.
* ర్యాగింగ్, వేధింపులు, కుల వివక్షపై పేరు బయటకు రాకుండా ఫిర్యాదు చేసే మార్గం ఉండాలి.
* పరీక్షల సమయంలో చిన్న బ్యాచ్‌లకు ఒక మెంటర్‌ను కేటాయించాలి.
* తల్లిదండ్రులకు కూడా క్రమం తప్పకుండా అవగాహన సమావేశాలు పెట్టాలి.

ఇంటర్ కాలేజీ అయినా, డిగ్రీ కాలేజీ అయినా, ప్రభుత్వానిదైనా, ప్రైవేటుదైనా ఇవే రూల్స్. డిగ్రీ కాలేజీలకు దీనికి తోడు యూజీసీ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఉన్నాయి. విద్యార్థుల ఒత్తిడి, భావోద్వేగ సమస్యలు చూసేందుకు ప్రతి ఉన్నత విద్యాసంస్థలో స్టూడెంట్ సర్వీసెస్ సెంటర్ పెట్టాలని యూజీసీ చెప్పింది.

కౌన్సెలర్ లేరంటే ఏం చేయాలి?

చిన్న పట్టణాల్లో అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. బోర్డు మీద కమిటీ పేర్లు ఉంటాయి. కానీ పిల్లోడు ఏడుస్తూ వస్తే కూర్చోబెట్టి మాట్లాడేది ఎవరో ఎవరికీ తెలియదు. అందుకే అడ్మిషన్ సమయంలో ఫీజు ఎంత, బస్సు ఉందా అని అడిగినట్టే ఈ మూడు ప్రశ్నలు కూడా అడగండి. కౌన్సెలర్ ఎవరు? ఏ రోజుల్లో, ఏ గదిలో ఉంటారు? రాత్రి పూట హాస్టల్లో ఇబ్బంది వస్తే బాధ్యత ఎవరిది?

సమాధానం రాకపోతే ప్రిన్సిపల్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. ఒక కాపీపై సంతకం తీసుకుని దగ్గర పెట్టుకోండి. ఇంటర్ కాలేజీ అయితే జిల్లా ఇంటర్ విద్యాధికారికి, డిగ్రీ కాలేజీ అయితే అనుబంధ యూనివర్సిటీకి ఫిర్యాదు చేయొచ్చు. ప్రకాశం జిల్లా డిగ్రీ కాలేజీలకు అది ఒంగోలులోని ఆంధ్ర కేసరి యూనివర్సిటీ. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీ ఉండాలని కూడా సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమంలోనూ ఇవ్వొచ్చు.

ఈలోగా కాలేజీలోనే నమ్మకమైన ఒక మనిషిని చూసుకోండి. ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసర్ కావచ్చు, ఇష్టమైన లెక్చరర్ కావచ్చు, లైబ్రేరియన్ కావచ్చు. వాళ్లు కౌన్సెలర్లు కారు. కానీ "పద, ఇద్దరం కలిసి ఫోన్ చేద్దాం" అనగలిగే మనిషి పక్కన ఉండటమే పెద్ద సాయం.

14416కు కాల్ చేస్తే ఏం జరుగుతుంది?

టెలీ మానస్‌ను కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం రోజున ప్రారంభించింది. బెంగళూరులోని నిమ్హాన్స్ దీనికి ప్రధాన కేంద్రం. 24 గంటలూ పనిచేస్తుంది. పైసా ఖర్చు లేదు. ఇప్పటికే 20 లక్షలకు పైగా కాల్స్ వచ్చాయి.

14416 కలవకపోతే 1800-891-4416కు చేయొచ్చు. కాల్ కలిశాక భాష ఎంచుకోమంటుంది. తెలుగు ఎంచుకుంటే శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు. మాటలతో సర్దుకునే సమస్య అయితే వాళ్లే సాయం చేస్తారు. అంతకంటే పెద్దదైతే మానసిక వైద్య నిపుణులకు కలుపుతారు, లేదా ఏ ఆస్పత్రికి వెళ్లాలో చెబుతారు. విద్యార్థే చేయాలని లేదు. తల్లిదండ్రులు, స్నేహితులు, వార్డెన్ కూడా చేసి "మా పిల్లవాడు ఇలా ఉన్నాడు, ఏం చేయమంటారు?" అని అడగొచ్చు.

మొదటిసారి ఏం మాట్లాడాలో తెలియక చాలామంది కాల్ కట్ చేసేస్తారు. ఇలా మొదలుపెట్టండి చాలు: "నేను ఇంటర్ చదువుతున్నాను. పదిహేను రోజులుగా నిద్ర పట్టట్లేదు. చదివింది గుర్తుండట్లేదు. ఎవరితోనూ మాట్లాడాలనిపించట్లేదు." మిగతావి వాళ్లే అడుగుతారు.

చదువు, పరీక్షల ఒత్తిడి కోసం కేంద్ర విద్యాశాఖ నడిపే మనోదర్పణ్ హెల్ప్‌లైన్ కూడా ఉంది. దీన్ని 2020 జులైలో ప్రారంభించారు. నంబర్ 84484 40632. ఇది ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది.

కంభం నుంచి ఏ ఆస్పత్రికి వెళ్లాలి?

మొదటి మెట్టు కంభం ప్రభుత్వ ఆస్పత్రే. నిద్రలేమి, దడ, నీరసం, తలనొప్పి లాంటి వాటికి ముందు మామూలు డాక్టర్‌కే చూపించాలి. ఎందుకంటే రక్తహీనత, థైరాయిడ్ తేడా ఉన్నా ఇవే లక్షణాలు వస్తాయి. ముందు అది తేలాలి. తర్వాతి మెట్టు మార్కాపురం, గిద్దలూరు ప్రభుత్వ ఆస్పత్రులు. ఊళ్లలో ఉండేవాళ్లు దగ్గర్లోని విలేజ్ హెల్త్ క్లినిక్‌కు వెళ్తే, ఈ-సంజీవని ద్వారా వీడియోలో డాక్టర్‌తో మాట్లాడే వీలుంటుంది.

మానసిక వైద్య నిపుణులే కావాలంటే ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రికి వెళ్లాలి. పాత పేరు రిమ్స్ అంటే అందరికీ తెలుస్తుంది. మెడికల్ కాలేజీకి అనుబంధం కాబట్టి అక్కడ సైకియాట్రీ విభాగం ఉంది. కాకపోతే కంభం నుంచి ఒంగోలు వంద కిలోమీటర్లకు పైనే. నేరుగా రైలు లేదు, బస్సు ఎక్కాల్సిందే. గుంటూరు - నంద్యాల రైలు మార్గం కంభం మీదుగానే వెళ్తుంది కాబట్టి గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి కూడా ఒక దారి.

పొద్దున్నే బస్సెక్కి వెళ్లాక "ఈరోజు ఆ డాక్టర్ ఓపీ లేదు" అంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు పోతాయి. రెండోసారి వెళ్లాలంటే మనసు రాదు. చికిత్స మధ్యలో ఆగిపోవడానికి ఇదొక కారణం. అందుకే బయల్దేరే ముందు 14416కు గానీ, రాష్ట్ర ఆరోగ్య హెల్ప్‌లైన్ 104కు గానీ కాల్ చేసి ఓపీ రోజులు కనుక్కోండి. ఆధార్, పాత చీటీలు, వాడుతున్న మందుల పేర్లు వెంట తీసుకెళ్లండి. ప్రభుత్వ ఆస్పత్రిలో ఓపీ, మందులు ఉచితం.

డాక్టర్ రాసిన మందులు నాలుగు రోజులు వాడి, తగ్గిందని మానేయకండి. డిప్రెషన్ మందులు పని మొదలుపెట్టడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి. తర్వాతి ఫాలోఅప్ ఫోన్‌లో కుదురుతుందా అని అక్కడే అడగండి. ప్రతిసారీ ఒంగోలు వెళ్లే పని తప్పొచ్చు.

ఈ లక్షణాలు ఉంటే ఆలస్యం వద్దు

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 10 నుంచి 19 ఏళ్ల వయసులో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక ఆరోగ్య సమస్య ఉంటుంది. పెద్దయ్యాక కనిపించే మానసిక సమస్యల్లో సగం 18 ఏళ్లలోపే మొదలవుతాయి. అంటే ఇంటర్, డిగ్రీ వయసే కీలకం.

ఒక రోజు దిగులుగా ఉంటే అది జబ్బు కాదు. రెండు వారాలకు మించి దాదాపు రోజంతా దిగులు, ఇష్టమైన ఆటల మీద కూడా ఆసక్తి లేకపోవడం, తిండి, నిద్ర బాగా తగ్గడం లేదా పెరగడం, కాలేజీ ఎగ్గొట్టడం, స్నేహితులకు దూరంగా ఉండటం.. ఇవి కనిపిస్తే సాయం తీసుకోవాలి.

"నేను లేకపోతే మీకు భారం తగ్గుతుంది" లాంటి మాటలు, ఇష్టమైన వస్తువులు పంచేయడం, అందరికీ వీడ్కోలు చెప్పినట్టు మెసేజ్‌లు పెట్టడం మాత్రం అత్యవసర లక్షణాలు. అలాంటప్పుడు "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా, మెల్లగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందనేది అపోహ. అడిగితేనే మనసులో ఉన్నది బయటకు వస్తుంది. ఒంటరిగా వదలొద్దు. తిట్టొద్దు, ఒట్లు వేయించుకోవద్దు. 14416కు కాల్ చేయండి. ప్రాణాపాయం అనిపిస్తే 108 లేదా 112.

ఇంట్లో పెద్దవాళ్లు గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో తాయెత్తు కట్టించడం మామూలే. అది మీ నమ్మకం. దానికోసం డాక్టర్ దగ్గరకు వెళ్లడం మాత్రం ఆపొద్దు.

చెప్పింది బయటకు పోతుందా?

విద్యార్థులు నోరు విప్పకపోవడానికి ఇదే పెద్ద భయం. చిన్న ఊరు, అందరూ తెలిసినవాళ్లే. పైగా పెళ్లి సంబంధాల మాట! అయితే మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం - 2017 ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత. ఆస్పత్రి వాళ్లు కాలేజీకి గానీ, పక్కింటివాళ్లకు గానీ చెప్పకూడదు. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, శిక్షించకూడదని అదే చట్టంలోని సెక్షన్ 115 చెబుతోంది. కాబట్టి కేసు అవుతుందని భయపడి ఆస్పత్రికి తీసుకెళ్లకుండా ఉండొద్దు.

ఈ గోప్యతకు కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ప్రాణానికి ముప్పు ఉంటే కౌన్సెలర్ ఇంట్లోవాళ్లకు చెప్పాల్సి వస్తుంది. 18 ఏళ్లలోపు వారిపై లైంగిక వేధింపులు జరిగినట్టు తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు సమాచారం ఇవ్వడం తప్పనిసరి. ఈ విషయం విద్యార్థులకు ముందే తెలిసి ఉండటం మంచిది.

శరీర ఆరోగ్యం: రక్తం, నీళ్లు

నీరసం, చదువుపై ధ్యాస నిలవకపోవడం అన్నీ మనసువే కాకపోవచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం ఏపీలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో దాదాపు 60 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తగ్గితే అమ్మాయిల్లో రక్తహీనత కింద లెక్క. ప్రభుత్వ ఆస్పత్రిలో ఈ పరీక్ష, ఐరన్ మాత్రలు ఉచితం. పొద్దున్నే మొదటి బస్సు కోసం టిఫిన్ మానేసి వచ్చే అమ్మాయిలు తప్పకుండా ఒకసారి చూపించుకోవాలి. ఐరన్ మాత్ర వేసుకున్న వెంటనే టీ, కాఫీ తాగితే అది ఒంటికి సరిగా పట్టదు.

10 నుంచి 19 ఏళ్ల వారికి రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 2014 నుంచి అమల్లో ఉంది. దీని కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లో కౌమార ఆరోగ్య క్లినిక్‌లు పెట్టారు. నెలసరి ఇబ్బందులు, పోషకాహారం, మత్తు అలవాట్లు, మానసిక ఒత్తిడి.. వీటన్నింటిపై అక్కడ సలహా ఇస్తారు.

ఇక నీళ్ల సంగతి. పశ్చిమ ప్రకాశంలో చాలా చోట్ల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. హాస్టల్లో తాగేది బోరు నీళ్లా, శుద్ధి చేసినవా అని అడిగి తెలుసుకోవడం తల్లిదండ్రుల హక్కు.

రిజల్ట్స్ రోజు జాగ్రత్త

ఇంటర్ ఫలితాలు వచ్చే రోజు, ఆ తర్వాతి రెండు మూడు రోజులు పిల్లల్ని ఒంటరిగా వదలకండి. మార్కులు తగ్గాయని అనుమానం ఉంటే ఇంటర్ బోర్డు రీకౌంటింగ్, రీవెరిఫికేషన్‌కు అవకాశం ఇస్తుంది. ఫెయిలైతే కొద్ది వారాల్లోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు ఉంటాయి. అందులో పాసైతే అదే ఏడాది పై చదువులకు వెళ్లొచ్చు. ఈ మాట ఫలితాలు రాకముందే ఇంట్లో చెప్పండి. ఫెయిలయ్యాక చెబితే ఓదార్పు మాటలా అనిపిస్తుంది.

ఫోన్‌లో సేవ్ చేసుకోవాల్సిన నంబర్లు

* 14416: టెలీ మానస్, మానసిక సాయం, 24 గంటలు
* 84484 40632: మనోదర్పణ్, విద్యార్థులకు
* 108: అంబులెన్స్
* 104: ఆరోగ్య సమాచారం
* 112: అత్యవసర సాయం, పోలీస్
* 1098: 18 ఏళ్లలోపు పిల్లలకు
* 181: మహిళలకు
* 1800-180-5522: ర్యాగింగ్‌పై ఫిర్యాదు
* 1972: గంజాయి, డ్రగ్స్‌పై సమాచారం, ఏపీ ఈగల్ విభాగం
* 14446: మత్తు అలవాటు మాన్పించే సాయం
* 1097: హెచ్‌ఐవీపై సమాచారం

కాలేజీలో గది, బోర్డు, కౌన్సెలర్ అన్నీ సమకూరేందుకు టైమ్ పట్టొచ్చు. అంతవరకు కంభంలో ఉన్న విద్యార్థికి అందరికంటే దగ్గర్లో ఉన్న సాయం చేతిలోని ఫోనే. 14416ను ఇప్పుడే సేవ్ చేసుకోండి. మీకు అవసరం రాకపోవచ్చు. క్లాసులో మీ పక్కన కూర్చునేవాళ్లకు రావచ్చు.

గమనిక: ఈ వివరాలు అవగాహన కోసం మాత్రమే. ఆరోగ్య సమస్య ఏదైనా ఉంటే డాక్టర్‌ను సంప్రదించి, వారి సలహా ప్రకారమే మందులు వాడాలి.